నెలాఖరు పుస్తకాల లెక్క: ఏం చెప్పాలి, మార్కులు ఎట్లా వేయాలి

మేం ఎనిమిది తొమ్మిది మందిమి ప్రతి నెలా ఆఖరి ఆదివారం సాయంత్రం ఒకచోట కూర్చుంటాం. నల్లగొండలో, గడియారం సెంటర్‌కు దగ్గర్లోనే, ఒక అన్న వాళ్ళింటి డాబా మీద. ఆ నెలలో ఎవరేం చదివారో చెప్పుకోవడం, వాటికి మార్కులు వేయడం, పుస్తకాలు ఒకరివి ఒకరం పట్టుకుపోవడం, ఇంతే పని. చాయ్ ఉంటుంది, మిర్చి బజ్జీలు ఉంటే ఉంటాయి. మొదటి ఆరు నెలలు మాత్రం ఘోరంగా నడిచింది, ఎందుకంటే అందరం వచ్చి "బాగుంది", "మస్తుంది", "ఒకసారి చదవొచ్చు" అని ఆ మూడు ముక్కలే చెప్పి, 5కి 4 వేసేసి, బజ్జీలు తిని ఇంటికి పోయేవాళ్ళం. అప్పటి నోట్‌బుక్ ఇప్పుడు తిరగేస్తే దాదాపు అన్నింటికీ 4 మార్కులే. ఏ పుస్తకం ఎందుకు బాగుందో మాలో ఒక్కరికీ గుర్తు లేదు.

ఇప్పుడు అట్లా లేదు. ఏం మార్చుకున్నామో, మీ ఊళ్ళో మీరు మొదలుపెట్టాలంటే ఏం చేయాలో రాస్తున్నా. ముగ్గురుంటే చాలు. ఒక్కరే కూర్చొని సొంతంగా నోట్‌బుక్ రాసుకుంటామన్నా ఇందులో సగం పనికొస్తుంది.

పుస్తకంలో చీటీ

నెలాఖరున కూర్చొని "ఈ నెల ఏం చదివినా" అని ఆలోచిస్తే ఆఖరి వారంలో చదివిందే గుర్తొస్తుంది. మొదటి వారంలో చదివినదాని పేరు గుర్తుంటుంది, అట్ట రంగు గుర్తుంటుంది, లోపల ఏముందంటే నీళ్ళు నమలాల్సిందే. అందుకని చదివేటప్పుడే పుస్తకంలో ఒక చీటీ పెట్టుకోండి. ఏ కాగితమైనా ఫర్వాలేదు, పెళ్ళి కార్డు చింపిన ముక్కయితే మందంగా ఉండి గుర్తు పెట్టుకోవడానికి కూడా పనికొస్తుంది. దాని మీద పెద్ద పెద్ద అభిప్రాయాలు రాయకండి, రాయాలనుకుంటే రెండో రోజుకే మానేస్తారు. మొదలుపెట్టిన తేదీ వేసి, చదువుతూ ఆగిన చోటల్లా పేజీ నంబర్ వేయండి. నచ్చి ఆగితే నంబర్ పక్కన టిక్కు, విసుగొచ్చి ఆగితే సున్నా. నిద్రొచ్చి ఆగితే ఏమీ వద్దు, అది పుస్తకం తప్పు కాదు (ఒక్కోసారి అవుతుంది కూడా).

మా గుంపులో రోజూ హైదరాబాద్ బస్సెక్కి ఉద్యోగానికి పోయొచ్చే తమ్ముడు ఒకడున్నాడు. వాడి చదువంతా బస్సులోనే. వాడి చీటీ మీద "47 టిక్కు, 112 సున్నా, 113 సున్నా, 118 సున్నా, 180 టిక్కు టిక్కు" అని ఉంటుంది, దాన్ని చూస్తేనే ఆ పుస్తకంతో వాడు పడ్డ సంసారం అంతా తెలిసిపోతుంది. నార్కట్‌పల్లి దాటేలోపు మూడు సున్నాలు పడితే ఆ పుస్తకం సంచిలోకి పోతుంది, చౌటుప్పల్ దాకా కూడా రాదు. వాడు డాబా మీద నోరు తెరిస్తే అందుకే అందరం వింటాం. "నూట పన్నెండు నుంచి నూట ఇరవై దాకా మేనమామ ఆస్తి పంపకం గురించి రాసిండన్నా, ఆ పంపకం తర్వాత కథలో యాడికీ పనికిరాలేదు" అంటాడు. ఎక్కడ చెడిందో పేజీ పట్టి చెప్పినవాణ్ణి ఎవరూ కాదనలేరు, కావాలంటే పుస్తకం తెరిచి చూసుకోవచ్చు.

పుస్తకం లైబ్రరీదైతే మాత్రం పేజీల మీద గీతలు గీయకండి, దయచేసి. మీ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు కాబట్టి అది మీ పుస్తకమే, నిజమే, కానీ మీ ఒక్కరిదే కాదు కదా.

ఇంకొకటి, పుస్తకం అయిపోయిన రాత్రే మార్కు వేయకండి. ఆఖరి పది పేజీలు ఏడిపించి ఉంటాయి, కళ్ళు తుడుచుకుంటూ 5 వేసేస్తాం. రెండు రోజులు పోయాక, బియ్యం ఏరుతుంటేనో బండి తుడుస్తుంటేనో, మధ్యలో వంద పేజీలు ఎంత సాగదీశాడో గుర్తొస్తుంది. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది, ముగింపు సప్పగా ఉందని 2 వేసిన పుస్తకంలోని ఒక ముసలమ్మ రెండు రోజులైనా తలలోంచి పోదు. రెండు రోజులు ఆగి, పుస్తకం తెరవకుండా ఇంట్లో ఎవరికైనా నాలుగైదు మాటల్లో చెప్పి చూడండి. ఏది చెప్పారో అది మీలో మిగిలిన పుస్తకం.

ఎవరికిస్తావు?

ఇది అన్నింటికంటే ముఖ్యం, మిగతాదంతా మరిచిపోయినా ఇదొక్కటి పట్టుకోండి.

ఒక నెల నేను చాలా హుషారుగా ఒక లావాటి చరిత్ర పుస్తకం తెచ్చి, పావుగంట సేపు దాన్ని పొగిడి, 5కి 5 వేశాను. మాలో బట్టలు కుట్టే అక్క ఒకామె ఉంది, టైలరింగ్ షాపు మూసి ఇంటికెళ్ళి వంట చేసి, పడుకునే ముందు ఒక గంట చదువుతుంది. ఆమె అంతా విని, "మరి నాకిస్తవా? నేను సదువుతనా ఇది?" అనింది. నాకు నోట మాట రాలేదు. అది ఆరు వందల పేజీలు, అక్షరాలు చీమల్లాగా ఉన్నాయి, ప్రతి పేజీ కింద సగం దాకా అధోజ్ఞాపికలు, రాజుల పేర్లు తెలియకపోతే మొదటి మూడు అధ్యాయాలు కొరకరాని కొయ్య. "మంచి పుస్తకమే అక్కా, నీకైతే ఇయ్య" అన్నాను. "ఎందుకియ్యవు?" అని పట్టుబట్టింది. ఎందుకివ్వనో వివరించాల్సి వచ్చింది. ఆ వివరించిన రెండు నిమిషాలే ఆ పుస్తకం గురించి నేను చెప్పిన అసలు ముచ్చట, అంతకు ముందు పావుగంట నేను చేసింది భజన.

అప్పటి నుంచి మా దగ్గర కట్టుబాటు ఒక్కటే. మార్కు చెప్పేముందు ఈ పుస్తకం ఎవరి చేతిలో పెడతావో, ఎవరి చేతిలో పెట్టవో చెప్పాలి. "సాహిత్యం అంటే ఇష్టమున్న వాళ్ళకి" అంటే చెల్లదు, అది ఎవరికీ కాదన్నట్టే. "నైట్ డ్యూటీలో ఉండేవాళ్ళకి, ఎందుకంటే కథలు నాలుగైదు పేజీలకు మించి లేవు, మధ్యలో ఎవరన్నా పిలిచినా పోయొచ్చి అందుకోవచ్చు" అంటే చెల్లుతుంది. "పదో తరగతి అయిపోయి సెలవుల్లో ఉన్న పిల్లకి ఇస్తా, కానీ వాళ్ళ నాయన ముందు ఇయ్య" అన్నారు మా రిటైర్డ్ టీచర్ సారు ఒకసారి, ఆ ఒక్కమాటతో ఆ పుస్తకానికి ముగ్గురు చేతులు చాపారు.

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన గ్రంథాలయ శాస్త్ర సూత్రాలు అయిదింటిలో ఒకటి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడని. లైబ్రరీ సైన్స్ చదివినవాళ్ళు పరీక్షకు బట్టీపట్టే మాట అది. మేమేమో అదే మాటను చాయ్ తాగుతూ మళ్ళీ కనిపెట్టినట్టు ఫీలయ్యాం, తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

మార్కులు

మనకు చిన్నప్పటి నుంచీ మార్కులంటే బడి మార్కులే. 35 వస్తే పాస్, 60 వస్తే ఫస్ట్ క్లాస్. అందుకే 5కి 3 వేయమంటే చేయి వణుకుతుంది, 60 శాతమే కదా, రాసినాయన ఏమనుకుంటాడో అని. చదివిన పుస్తకాలకు మార్కులు వేసుకునే గుడ్‌రీడ్స్ సైట్‌లో చూడండి, అక్కడ 2 నక్షత్రాలంటే ఫర్వాలేదని, 3 అంటే నచ్చిందని, 4 అంటే బాగా నచ్చిందని, 5 అంటే అద్భుతమని. ఫెయిలనే మాటే లేదు. మనవాళ్ళు ఆ అర్థాలు చూడకుండా బడి లెక్కలో వేస్తారు కాబట్టి నచ్చిన ప్రతిదానికీ 5 పడుతుంది. అప్పుడు నిజంగా ప్రాణం లేచొచ్చిన పుస్తకానికి వేయడానికి ఏమీ మిగలదు.

మేం గొడవపడి గొడవపడి తెచ్చుకున్న లెక్క ఇది. 1 అంటే కొన్నందుకు బాధపడుతున్నా. 2 అంటే లైబ్రరీలో దొరికితే చూడు, డబ్బు పెట్టకు. 3 అంటే చదివినందుకు తృప్తి, కానీ మళ్ళీ తెరవను. 4 అంటే నా కాపీ నీకిస్తా, నిదానంగా తిరిగియ్యి. 5 అంటే ఇస్తా గానీ పదిహేను రోజులైతే మీ ఇంటిముందు వచ్చి నిలబడతా. చూస్తున్నారు కదా, ప్రతి మార్కుకూ ఒక పని ఉంది, కొనడమో ఇవ్వడమో అడగడమో. విశేషణాలు లేవు. "అద్భుతం" కీ "అమోఘం" కీ మధ్య తేడా ఎవరికీ తెలియదు, నువ్వు డబ్బు పెడతావా పెట్టవా అంటే మాత్రం అందరికీ తెలుసు. అరమార్కులు మాకు లేవు. కొన్ని యాప్‌లలో పావు మార్కు కూడా వేయొచ్చు, స్టోరీగ్రాఫ్‌లో ఉంది, ఓపికుంటే వేసుకోండి. మాకు మాత్రం 3.5 అనేది తప్పించుకునే దారి అనిపించింది, అటా ఇటా తేల్చుకోలేనివాళ్ళందరూ అక్కడికే చేరేవాళ్ళు.

మార్కులు రెండు గళ్ళలో వేయండి. ఒకటి "నాకెంత", రెండోది "పుస్తకానికెంత". నాకు పద్యాలంటే సహనం లేదు, ఒక పద్యకావ్యం చదివి 2 వేశాను, అది నా గడి. పద్యం నడక, మాట పొదుపు, చెప్పదలచుకున్నది సూటిగా చెప్పడం చూస్తే 4 వేయక తప్పదు, అది పుస్తకం గడి. రెండు గళ్ళ మధ్య దూరం ఎక్కువ ఉన్నప్పుడే ముచ్చట బాగుంటుంది. అచ్చుతప్పులు, బైండింగ్ ఊడిపోవడం, అట్ట మీద బొమ్మకూ లోపలి కథకూ సంబంధం లేకపోవడం, ఇవి మూడో లెక్క. వాటికి మార్కు తగ్గించొద్దు కానీ చెప్పడం మాత్రం మానొద్దు. తెలుగు పుస్తకాల్లో ప్రూఫులు చూడటం ఎట్లా ఉంటోందో మీకు తెలియంది కాదు.

ఒకరి పుస్తకం ఇంకొకరూ చదివి ఉంటే, నోరు తెరిచే ముందే చీటీల మీద మార్కు రాసి మడిచి మధ్యలో వేయండి. లేకపోతే ఏమవుతుందంటే, సారు ముందు మాట్లాడి 4 అంటారు, ఆయన మాకందరికీ పెద్దాయన, మేం తల ఊపి 4 అంటాం. చీటీల పద్ధతి పెట్టిన మొదటి నెలలోనే సారు 4 వేసిన పుస్తకానికి మిగతా ముగ్గురం 2 వేశామని బయటపడింది. సారు నవ్వి, "ఇన్ని రోజులు నాకు అబద్ధాలు చెప్పిండ్రన్నమాట" అన్నారు.

సగటు తీయకండి. ఇద్దరు 5, ఇద్దరు 1 వేస్తే సగటు 3. నలుగురూ 3 వేసినా సగటు 3. మొదటి పుస్తకం మీద గంటసేపు కొట్లాడొచ్చు, రెండోదాని మీద రెండు నిమిషాలు కూడా మాట్లాడలేం. రెండూ ఒకటే అంటే ఎట్లా? అందుకని మా నోట్‌బుక్‌లో "5 5 1 1" అని విడిగానే రాస్తాం. చూడగానే తెలుస్తుంది, ఇక్కడేదో ఉంది అని.

మేస్త్రి వేసిన 2

చీటీల పద్ధతి వల్లే ఇంకోటి జరిగింది, కొంచెం వివరంగా చెప్పాలి.

పాలమూరు వలసల మీద రాసిన ఒక నవల నలుగురం వరసగా చదివాం. పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరం లేదు. చీటీలు విప్పితే 5, 5, 4, ఒక 2. ఆ 2 ఎవరిదంటే మా గుంపులోకి కొత్తగా వచ్చిన మేస్త్రి అన్నది. ఆయనది మహబూబ్‌నగర్ దిక్కు ఊరు, పెళ్ళయ్యాక నల్లగొండలో స్థిరపడి ఇళ్ళు కడుతున్నాడు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో పాటు పనులకు పోయినవాడు. మేం ముగ్గురం ఆ పుస్తకం చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళం, ఆయన 2 వేశాడంటే ముందు ఆయనకు అర్థం కాలేదేమో అనుకున్నాం. సిగ్గుచేటు, కానీ అట్లానే అనుకున్నాం.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. "అండ్ల అందరు ఎప్పుడు చూసినా ఏడుస్తనే ఉన్నరు. మేం గట్ల ఏడువలే. పొద్దుగాల లేసి రొట్టెలు జేసుకొని, నవ్వుకుంటనే పనికి పోతుంటిమి. ఏడుపు ఎప్పుడంటే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ లెక్క జూసుకున్న నాడు. ఆ లెక్క ఈ పుస్తకంల లేనే లేదు." గుంపు మేస్త్రి అంటే అడ్వాన్స్ ఇచ్చి కూలీలను జట్టుగా పనికి తీసుకుపోయేవాడు. ఎంత అడ్వాన్స్ తీసుకున్నారు, ఎన్ని నెలల పనిలో ఎంత తెగింది, ఊరికి తిరిగి వచ్చేనాటికి చేతిలో ఎంత ఉంది, అసలు కథంతా ఆ లెక్కలో ఉంటుందని, అది రాయకుండా ఎండ గురించీ చెమట గురించీ పేజీలు నింపాడని ఆయన బాధ.

మేం మా మార్కులు మార్చలేదు. మారిస్తే అదింకో అబద్ధం అవుతుంది, మేం చదివినప్పుడు మాకు కలిగింది నిజమే కదా. కానీ నోట్‌బుక్‌లో ఆ 2 పక్కన నాలుగు లైన్లు రాశాం, మా 5ల పక్కన అర లైను. ఇప్పుడు ఒక పని గురించో బతుకు గురించో రాసిన పుస్తకం వస్తే, ఆ పని తెలిసినవాళ్ళు ఎవరున్నారో వెతికి వాళ్ళ చేతిలో పెడతాం. నేత మీద కథలైతే పోచంపల్లి దిక్కు మగ్గం ముందు కూర్చున్నవాళ్ళు చదవాలి. మీ గుంపులో అందరూ ఒకే రకం ఉద్యోగాల వాళ్ళయితే మీ మార్కులన్నీ ఒకేలా వస్తాయి, అప్పుడు తప్పు పుస్తకాలది కాదు.

మనోడే కదా

ఇది అన్ని జిల్లాల్లోనూ ఉండేదే అయినా మన దగ్గర కాస్త ఎక్కువ. ఊళ్ళో ఒకాయన కవితల పుస్తకం వేస్తాడు. ఆవిష్కరణ సభ, శాలువాలు, ఒక్కో వక్త అరగంట. చివర్లో తలా ఒక కాపీ ఉచితం. నెలాఖరున ఆ పుస్తకం డాబా మీదికి వస్తుంది, ఒక్కోసారి రాసినాయన కూడా వస్తాడు. ఏం వేస్తారు?

మేం మొదట్లో 5 వేసేవాళ్ళం, ఇంకేం చేస్తాం. ఇప్పుడు ఉచితంగా వచ్చిన పుస్తకానికీ, రాసినవాళ్ళు ఎదురుగా ఉన్న పుస్తకానికీ మార్కు లేదు. దానికి బదులు అందులోంచి తలా ఒక కవితో పేజీయో ఎంచుకొని పైకి చదవాలి. ఎంచుకోవడంలోనే అంతా తెలిసిపోతుంది. ఆరుగురు ఒకే కవిత ఎంచుకుంటే, ఆయనకూ అర్థమవుతుంది మిగతా యాభై సంగతి. ఎవరి మనసూ నొప్పించినట్టు కాదు, అబద్ధం ఆడినట్టూ కాదు.

మనవాళ్ళను తక్కువ చేస్తే ఊరుకోబుద్ధి కాదు, దానికి కారణం ఉంది. తెలంగాణలో కవులే లేరన్న మాట పుట్టినప్పుడు గద్వాల దిక్కు నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి, 354 మంది కవులను వాళ్ళ పద్యాలతో సహా ముందు పెట్టాడు. ఆయన చేసింది చూడండి, మా కవులు గొప్పవాళ్ళని వ్యాసం రాసి ఊరుకోలేదు, పద్యాలు ఏరి చూపించాడు. మా పైకి చదివే పద్ధతి అక్కడి నుంచి తెచ్చుకున్నదేనని సారు అంటుంటారు, ఆయనకు ప్రతిదాన్నీ సురవరం దాకా తీసుకెళ్ళే అలవాటుంది.

భాష విషయం కూడా ఇక్కడే చెప్పాలి. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి కొన్నాళ్ళు మాతో కూర్చున్నాడు, మంచి చదువరి. తెలంగాణ యాసలో రాసిన ఒక కథల పుస్తకానికి "భాష అర్థం కాలేదు" అని 2 వేశాడు. పెద్ద గొడవే అయింది. మేం ఇన్నేళ్ళుగా కోస్తా యాసలో ఎన్ని పుస్తకాలు చదవలేదు, ఎప్పుడన్నా అర్థం కాలేదన్నామా అని ఒకరు లేచారు. చివరికి తేలిందేమిటంటే, "అర్థం కాలేదు" అనేది "నాకెంత" గడిలోకి పోతుంది, "పుస్తకానికెంత" గడిలోకి రాదు. దాంతోపాటు అర్థం కాని మాటలు ఒక కాగితం మీద రాసి తేవాలి. ఆయన తర్వాతి నెల కైకిలి, అర్ర, దూప, పైలం అని ఒక ఇరవై మాటలు రాసుకొచ్చాడు, మేం అర్థాలు చెప్పాం. మళ్ళీ చదివి తన గడిలో 4 వేశాడు. అట్లాగని మన యాసలో రాస్తే చాలు మార్కులు పడతాయనుకోవద్దు, యాస అచ్చంగా ఉండి కథ లేని పుస్తకాలు కూడా కోకొల్లలు.

సగంలో వదిలేసినవి

దాచుకోకండి. ఏ పేజీలో ఆపారో, ఎందుకు ఆపారో చెప్పండి. మార్కు మాత్రం వేయకండి, చదవని సగానికి మార్కెట్లా వేస్తారు? "140లో ఆపిన, పాత్రలు పదహారైనయి, ఎవరెవరో గుర్తులేదు" అంటే చాలు. ఇంట్లో ఒంట్లో బాగాలేక ఆపితే అదీ చెప్పండి. ఒక నెల నా సంగతే అది, దవాఖానలో కూర్చొని చదివిన పుస్తకం ఇప్పటికీ తెరవలేను, అది ఎంత మంచిదో కూడా చెప్పలేను.

కూర్చున్నప్పుడు

మనిషికి అయిదు నిమిషాలు. ఫోన్‌లో టైమర్ పెట్టండి, మొహమాటపడొద్దు. ఎన్ని చదివినా ఒకటి గురించే బాగా చెప్పాలి, మిగతావి పేరు, మార్కు, ఎవరికిస్తారు, అంతే. నెలకు పన్నెండు చదివానని చెప్పుకునేవాళ్ళు తగులుతారు, చదవనివ్వండి, నెలంతా ఒక్కటే చదివినవాళ్ళు చిన్నబోకుండా చూసుకోవాలి. ముగింపు చెప్పొద్దు. నేనొకసారి నోరు జారి హంతకుడెవరో చెప్పేశాను, పక్కన కూర్చున్నాయన అప్పుడే ఆ పుస్తకం సగంలో ఉన్నాడు, ఆ నెల బజ్జీల డబ్బులు నేనే కట్టాను.

పిల్లలు వస్తే వాళ్ళను మార్కులు అడగకండి, బడిలో ఉన్నది చాలదా. "ఇందులో నీ దోస్తు ఎవరు" అని అడగండి, పది నిమిషాలు ఆపకుండా చెబుతారు.

పుస్తకాలు చేతులు మారేటప్పుడు

పుస్తకం పరహస్తం గతం గతః అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నోట్‌బుక్ వెనకవైపు నుంచి ఒక పట్టిక గీయండి, పుస్తకం పేరు, ఎవరిది, ఎవరు తీసుకున్నారు, ఏ తేదీ. స్నేహితుల మధ్య లెక్కలేంటి అంటారు కొందరు, అట్లా అనేవాళ్ళ దగ్గరే ఎక్కువ పుస్తకాలు ఆగిపోతాయి. నకిరేకల్ దిక్కు పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మినవాడు, ఆయన నడిచిన జిల్లాలో ఉండి పక్క వీధికి పుస్తకం తిరిగి ఇచ్చి రావడానికి మనకు బద్ధకం.

పీడీఎఫ్‌ల సంగతి. బతికున్న రచయితల పుస్తకాలు స్కాన్ చేసి గ్రూపులో పడేయకండి. అసలే అమ్ముడుపోయేది కొద్ది, రాసినాయనకో పెద్ద పబ్లిషర్ కూడా ఉండడు, సొంత డబ్బు పెట్టి అచ్చు వేయించుకుంటాడు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్ళ దాకా హక్కులు ఉంటాయి. సురవరం 1953లో పోయాడు కాబట్టి ఆయన రచనలకు 2013 చివరితో గడువు తీరింది, 2014 జనవరి నుంచి ఎవరైనా పంచుకోవచ్చు. అట్లాంటి పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వేలల్లో ఉన్నాయి, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో వెతకాలి, ఒకదానికి దొరక్కపోతే ఇంకోదానికి దొరుకుతుంది. అనువాదాలకూ పీఠికలకూ హక్కులు వేరే ఉంటాయని మరవకండి.

ఆరు నెలలకోసారి నోట్‌బుక్ మొదటికి తిప్పి, పాత మార్కుల పక్కన వేరే రంగు పెన్నుతో మళ్ళీ మార్కు వేయండి. పాతది కొట్టేయొద్దు. పోయినసారి అట్లా వేసినప్పుడు నా 5లు మూడు 3కి దిగాయి. వలసల నవలకు నేను వేసిన 5 కూడా అందులో ఉంది. మేస్త్రి అన్న తన 2ని 3 చేశాడు, ఎందుకన్నా అంటే, "మళ్ళ సదివిన, ఒక ముసలామె మంచిగుంది అండ్ల" అన్నాడు. పుస్తకం ఇంకా ఆయన దగ్గరే ఉంది, పట్టికలో తేదీ చూస్తే నాలుగు నెలలు దాటింది, ఈ ఆదివారం అడగాలి.